కాలువను బాగుచేయడంలో ఊరివాళ్ల పని ఏమిటి? గొవానస్ గట్టు నుంచి ఒక సమాధానం

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీరు విజయవాడలో కాలువ పక్కనున్న ఒక కాలనీ సంఘంలో పనిచేస్తున్నారు. కొన్ని ఆదివారాలు అందరూ కలిసి చెత్త తీశారు, గట్టున మొక్కలు నాటారు. ఆరు నెలలు తిరిగేసరికి కాలువ మళ్లీ మొదటి స్థితికే వచ్చింది. విదేశాల్లో పాత పారిశ్రామిక కాలువలను ‘ప్రజల భాగస్వామ్యంతో’ బాగుచేశారని చదివారు. ఆ భాగస్వామ్యం అంటే అసలు ఏమిటని, అది నివేదికల్లో రాసుకునే మాటేనా, లేక మీవంటివారు చేయదగిన పని ఏదైనా ఉందా అని అడిగారు.

సూటిగానే చెబుతాను. స్థానికులు కాలువను శుభ్రం చేయలేరు. దాన్ని శుభ్రం చేయవలసిన బాధ్యత ఎవరిదో తేల్చగలరు, తేలిన తరువాత పని పూర్తయ్యేదాకా వాళ్లను వదలకుండా ఉండగలరు. చెత్త ఏరడం తప్పని నేను అనను. పదిమందిని ఒకచోటికి చేర్చడానికి అంతకంటే సులువైన దారి లేదు. అయితే రోజూ వచ్చి పడేదాన్ని ఆపకుండా పడినదాన్ని ఏరుతూ కూర్చుంటే అది చిల్లి కుండతో నీళ్లు మోసినట్టే అవుతుంది. మీ ఆరు నెలల అనుభవం చెబుతున్నది కూడా ఇదే. అందులో మీ వైఫల్యం ఏమీ లేదు.

నేను ఎవరినో, ఏ అధికారంతో ఇది చెబుతున్నానో కూడా చెప్పాలి. తెనాలి వైపు పెరిగాను. కలుషితమైన పూడికను పరీక్షించి, దాన్ని ఎలా తీయాలో, ఎక్కడ కప్పిపెట్టాలో సూచించే ఇంజనీరుగా ఇరవై ఏళ్లకు పైగా అమెరికాలో పనిచేస్తున్నాను. న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో మా ఇంటికి పది నిమిషాల నడకలో గొవానస్ కాలువ ఉంది. దాని పనితో నా ఉద్యోగానికి సంబంధం లేదు. ఆ కాలువ మీద జరిగే బహిరంగ సమావేశాలకు మాత్రం 2010 నుంచి ఇరుగుపొరుగు మనిషిగా వెళ్లి, వెనుక వరుసలో కూర్చుని, నోటు పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. కాబట్టి ఈ జవాబులో సగం ఇంజనీరు మాట, సగం పొరుగింటి మనిషి మాట.

గొవానస్ కాలువ పెద్దదేమీ కాదు. పొడవు 1.8 మైళ్లు, అంటే సుమారు 2.9 కిలోమీటర్లు, వెడల్పు వంద అడుగులు. ఒకప్పుడు అది ఆటుపోట్ల నీరు వచ్చిపోయే బురద నేలల మధ్య ఒక వాగు. అక్కడ అడుగు పొడవున్న ఆల్చిప్పలు దొరికేవని 1679లో వచ్చిన ఒక డచ్ యాత్రికుడు రాసుకున్నాడు. ఆ వాగును కాలువగా తవ్వడానికి 1849లో రాష్ట్ర శాసనసభ అనుమతి ఇచ్చింది. 1860ల చివరికి తవ్వకం పూర్తయింది. బొగ్గు, కలప, రాయి దిగే రేవులు, చర్మాలు పదునుచేసే కర్మాగారాలు, రసాయన కర్మాగారాలు, అన్నిటికంటే ముఖ్యంగా బొగ్గును వేడిచేసి వీధిదీపాలకూ ఇళ్లకూ గ్యాస్ తీసే మూడు కర్మాగారాలు గట్ల వెంట వెలిశాయి. గ్యాస్ తీయగా మిగిలిన తారు నేలలోకి ఇంకి, అక్కడి నుంచి కాలువ అడుగుకు చేరింది. దానికి తోడు నగరపు మురుగు. కాలువకు ఒక చివరే తెరిచి ఉంది, రెండో చివర మూసుకుపోయి ఉంది. అందువల్ల పడినది పడినచోటే నిలిచింది. నీటిని కదిలించడానికి 1911లో ఒక సొరంగం తవ్వి, పెద్ద పంఖాతో నీటిని తోడారు. ఆ యంత్రం 1960లలో చెడిపోయింది. తిరిగి నడిచింది 1999లో. అంటే ఒక యంత్రం బాగుకు మూడు దశాబ్దాలకు పైగా పట్టిందన్నమాట. ఆ కాలమంతా అడగడం మానని కొద్దిమంది స్థానికులు ఉన్నారు, ఈ కథ నిజానికి వాళ్ల దగ్గరే మొదలవుతుంది.

మొదటిసారి ఆ కాలువలో చిన్న పడవ ఎక్కినప్పుడు చూసినది ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. పోటు తగ్గిన వేళ, నీరు కదలకుండా ఉంది. అడుగు నుంచి ఒక బుడగ పైకి వచ్చి పగిలింది. పగిలినచోట ఇంద్రధనుస్సు రంగుల్లో సన్నని నూనె పొర పళ్లెమంత వెడల్పున పరుచుకుంది. దాని పక్కనే ఇంకొకటి, ఆ తరువాత మరొకటి. అడుగున కుళ్లుతున్న పదార్థం నుంచి పుట్టిన వాయువు పైకి వస్తూ తారును వెంట తెస్తుంది. వాసన నాకు వెంటనే గుర్తుకొచ్చింది: మా అమ్మమ్మ పట్టుచీరల పెట్టెలో వేసే కలరా ఉండల వాసన. ఆ ఉండలు నాఫ్తలీన్ కాబట్టి, తారులో ఉండేదీ అదే కాబట్టి అందులో ఆశ్చర్యం లేదు. తెడ్డు అడుగుకు తగిలి పైకి వస్తే దాని కొసకు నల్లగా, జిగటగా ముద్ద అంటుకుంది. అక్కడివాళ్లు దాన్ని ‘నల్ల మయొనైజ్’ అంటారు. సగటున పది అడుగుల మందాన ఆ పూడిక అక్కడ పేరుకుని ఉందని తరువాత సర్వేలు తేల్చాయి. ఇలాంటిదాన్ని వలంటీర్లు గంపలతో ఎత్తిపోయగలరా?

అందుకే మీరు మొదట అడగవలసిన ప్రశ్న డబ్బు గురించి, చట్టం గురించి. అమెరికాలో 1980 నాటి సూపర్‌ఫండ్ చట్టం ప్రకారం ఒక స్థలాన్ని తీవ్రంగా కలుషితమైన చోట్ల జాతీయ జాబితాలో చేర్చి, దాన్ని కలుషితం చేసినవాళ్ల నుంచే ఖర్చు రాబట్టే అధికారం కేంద్ర పర్యావరణ సంస్థ ఈపీఏకు ఉంది. కంపెనీ చేతులు మారినా వారసత్వంగా బాధ్యత వెంట వస్తుంది. గొవానస్‌ను ఈ జాబితాలో చేర్చాలని 2009 ఏప్రిల్‌లో ప్రతిపాదన వచ్చింది. నగర పాలన అందుకు ఒప్పుకోలేదు. జాబితాకు ఎక్కితే ఆ పేరే ఒక మచ్చ అవుతుందని, గట్టున రాబోయే ఇళ్ల పథకాలు ఆగిపోతాయని, తామే మరో పద్ధతిలో త్వరగా చేయగలమని చెప్పింది. స్థానికులు కూడా రెండుగా చీలారు. ఇంటి ధర పడిపోతుందని భయపడినవాళ్లు ఒకవైపు. ఇచ్చిన మాటకు చట్టబద్ధమైన కట్టుబాటు కావాలన్నవాళ్లు మరోవైపు. ఆ నెలల్లో జరిగిన వాదనలు చాలా ఘాటుగా ఉండేవని పొరుగువాళ్లు చెబుతారు. చివరికి 2010 మార్చిలో కాలువ జాబితాకెక్కింది. గ్యాస్ కర్మాగారాల బాధ్యత వారసత్వంగా వచ్చిన నేషనల్ గ్రిడ్ అనే గ్యాస్, విద్యుత్ కంపెనీ, దానితోపాటు న్యూయార్క్ నగరం ప్రధాన బాధ్యులుగా తేలారు.

ఈ మలుపులో స్థానికులు చేసినది ఏమిటో గమనించండి. వాళ్లు పరిష్కారం కనిపెట్టలేదు, పూడిక తీయలేదు. రెండు దారులు ఎదురుగా ఉన్నప్పుడు, త్వరగా అయిపోతుందన్న దారికంటే మాట తప్పడం కష్టమయ్యే దారిని ఎంచుకోమని వ్యాఖ్యల రూపంలో, వాంగ్మూలాల రూపంలో రాతపూర్వకంగా ఒత్తిడి తెచ్చారు. నా దృష్టిలో మొత్తం కథలో అతిపెద్ద ప్రజాభాగస్వామ్యం అదే. ఆ తరువాత పెట్టిన కమిటీలు, జరిగిన సమావేశాలు అన్నీ దీని మీద నిలబడినవే.

2010లోనే ఈపీఏ ఆధ్వర్యంలో స్థానిక సలహా బృందం ఒకటి ఏర్పడింది. ఇందులో పర్యావరణ సంఘాలు, ఇళ్ల యజమానులు, చిన్న వ్యాపారులు, ప్రభుత్వ గృహ సముదాయాల అద్దెదారులు, పడవల సంఘం వాళ్లు ఉన్నారు. నెలనెలా కూర్చుంటారు. బయటినుంచి చూస్తే ఇలాంటి బృందానికి అధికారం ఏమీ లేదు. సలహా మాత్రమే ఇస్తుంది. లోపల కూర్చుంటే మాత్రం వేరుగా కనిపిస్తుంది. అధికారులు మారుతారు, కాంట్రాక్టర్లు మారుతారు, మేయర్లు మారుతారు. 2011లో ఒక ఇంజనీరు ఏ తేదీన ఏమన్నాడో 2019లో కొత్తగా వచ్చిన అధికారికి తెలియదు, ముందు వరుసలో కూర్చున్న పెద్దావిడకు తెలుసు. ఒకసారి ఒక యువ అధికారి ఒక పరీక్ష గురించి ‘ఇది మేము కొత్తగా చేపడుతున్నాం’ అన్నప్పుడు ఆవిడ సంచిలోంచి పాత మినిట్స్ తీసి, ఏడేళ్ల కిందటి పేజీ చూపించి, ‘మీ ముందరి వారు కూడా కొత్తగానే చేపట్టారు’ అన్నారు. హాలంతా నవ్వింది, ఆ అధికారి కూడా నవ్వాడు, మరుసటి నెలకు ఆ పరీక్షకు తేదీ పడింది.

ఊరివాళ్ల దగ్గర ఉండే అసలు శక్తి జ్ఞాపకం, అదీ కాగితం మీద ఉన్న జ్ఞాపకం. మీ సంఘం ఈ వారమే మొదలుపెట్టగలిగిన పని ఇది. ఒక పుస్తకంలో మూడు గడులు గీయండి: ఎవరు చెప్పారు, ఏమి చేస్తామన్నారు, ఎప్పటిలోగా అన్నారు. ప్రతి సమావేశం తరువాత ఆ పేజీని చెప్పినవారికే మర్యాదగా పంపండి. కోపంగా రాయవలసిన అవసరం లేదు. ‘మీరు చెప్పినది మేము ఇలా రాసుకున్నాము, పొరపాటు ఉంటే సరిదిద్దగలరు’ అన్న ఒక్క వాక్యం చాలు.

రెండోది, మీ తరఫున చదివే మనిషి. సూపర్‌ఫండ్ పద్ధతిలో, అర్హతగల స్థానిక సంఘం సొంతంగా సాంకేతిక సలహాదారును పెట్టుకోవడానికి మొదటి విడతగా 50 వేల డాలర్ల వరకు గ్రాంటు దొరికే ఏర్పాటు ఉంది. నా వృత్తిలో ఉన్నవాళ్లు ఒప్పుకోవడానికి ఇష్టపడని విషయం ఒకటి చెబుతాను. నివేదికను ఎనిమిది వందల పేజీలు రాస్తే, దాన్ని ఎవరూ చదవరని రాసినవాళ్లకు తెలుసు. అధికారుల దగ్గరా కంపెనీల దగ్గరా ఇంజనీర్లు ఉండి, ఊరివాళ్ల దగ్గర ఆవేదన మాత్రమే ఉంటే, సమావేశం ముగిసేటప్పటికి ఆవేదనను ‘నమోదు చేసుకుంటారు’, ఇంజనీర్లు చెప్పినది అమలవుతుంది. మీకు అలాంటి గ్రాంటు లేకపోవచ్చు. మీ ఊళ్లో ఇంజనీరింగ్ కళాశాలలు ఉన్నాయి, నీటిపారుదల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దలు ఉన్నారు. అలాంటి ఒక్కరిని వెతికి పట్టుకోండి. ముప్పై ఏళ్లు లాకులు, తూములు చూసిన సూపరింటెండెంట్ ఒకాయన మీ పక్కన కూర్చుంటే సమావేశంలో మాట తీరే మారిపోతుంది.

ఇక నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ, రెడ్ హుక్ వ్యవహారం. 2012 చివర్లో ఈపీఏ ప్రకటించిన ప్రతిపాదనలో, తవ్విన పూడికలో తక్కువ కలుషితమైన భాగాన్ని సిమెంటు వంటి పదార్థంతో గట్టిపరిచి, పక్కనే ఉన్న రెడ్ హుక్ తీరంలో ఒక చుట్టుగోడ కట్టి అందులో నింపే ఆలోచన ఉంది. ఇంజనీరుగా చూస్తే అది పిచ్చి ఆలోచన కాదు. రవాణా ఖర్చు తగ్గుతుంది, కొందరికి పనులు దొరుకుతాయి. ఆ మాట అన్న స్థానికులూ ఉన్నారు. రెడ్ హుక్ వాసులు మాత్రం, ‘మీ కాలువలోని విషాన్ని మా పిల్లలు ఆడే మైదానాల పక్కన పెడతారా?’ అని తిరగబడ్డారు. 2013 సెప్టెంబరులో వెలువడిన తుది నిర్ణయంలో ఆ ఏర్పాటు లేదు. స్థానికుల వ్యతిరేకత వల్లనే దాన్ని విరమించారు. సుమారు 5.88 లక్షల ఘన గజాల పూడికను, అంటే దాదాపు 4.5 లక్షల ఘనపు మీటర్లను, బార్జీల మీద బయటికి తరలించాలని, అడుగున మిగిలిన తారు పైకి రాకుండా పొరలు పొరలుగా కప్పు వేయాలని తేలింది. అప్పటి అంచనా 50.6 కోట్ల డాలర్లు. తరువాతి అంచనాలు వంద కోట్లు దాటాయి.

ఈ ఉదాహరణలో ఒక హెచ్చరిక కూడా ఉంది. గొవానస్ గట్టున ఉండేవాళ్లు, రెడ్ హుక్‌లో ఉండేవాళ్లు ఇద్దరూ ‘స్థానికులే’. ఒకరికి మేలైనది ఇంకొకరి నెత్తిన పడబోయింది. కాలువ నుంచి తీసింది ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. మీ దగ్గర పూడిక తీసినప్పుడు దాన్ని గట్టు మీదే పోస్తే, వానాకాలంలో అది మళ్లీ కాలువలోకే దిగుతుంది. లారీల్లో తరలిస్తే ఏ ఊరి చెరువులో, ఎవరి పొలం పక్కన పోస్తున్నారో మీరే అడగాలి. ఆ ఊరివాళ్లను మీ సమావేశానికి పిలిచారా అన్నది నా దృష్టిలో మీ సంఘం నిజాయితీకి పరీక్ష.

తవ్వకం మాట ఎత్తాను కాబట్టి కాలం గురించి కూడా చెప్పాలి. 1999లో సొరంగం తిరిగి నడిచింది, 2010లో జాబితాకెక్కింది, 2013లో నిర్ణయం వెలువడింది, కాలువ ఎగువ భాగంలో అసలు పూడికతీత మొదలైంది 2020 నవంబరులో. ఈ మధ్యలో ఎందరో ఊరు మారారు, కొందరు పోయారు. ఇంత కాలం జనం విసిగి వెళ్లిపోకుండా ఎలా నిలిచారని మీరు అడగవచ్చు. దానికి నా సమాధానం పడవలు.

1999లోనే ‘గొవానస్ డ్రెడ్జర్స్’ పేరుతో ఒక పడవల సంఘం పుట్టింది. పేరుకు పూడిక తీసేవాళ్లే గాని, చేయించేది పడవ విహారాలు. ఆ హాస్యం వాళ్లకూ తెలుసు. ఎవరైనా వచ్చి ఉచితంగా పడవ ఎక్కవచ్చు. ఆ మురికి నీటిలో విహారమేమిటని మొదట నేనూ నవ్వాను. తరువాత అర్థమైంది. వంతెన మీద నుంచి ముక్కు మూసుకుని దాటిపోయేవాడికి కాలువతో పని లేదు. ఒక గంట దాని మధ్య కూర్చుని, ఏ గొట్టం నుంచి ఏమి పడుతున్నదో, ఏ గోడ కూలుతున్నదో, ఆ కాలుష్యంలోనూ కొంగ ఎక్కడ వాలుతున్నదో చూసినవాడు మరుసటి నెల సమావేశానికి వస్తాడు. 2006లో మొదలైన గొవానస్ కెనాల్ కన్సర్వెన్సీ కూడా ఇదే పని గట్టు మీద చేసింది: స్థానిక జాతుల మొక్కలు పెంచడం, కంపోస్టు చేయడం, వాననీరు ఇంకే వీధి తోటలను చూసుకోవడం. 2016లో రెండో వీధి చివర, వీధి నుంచి జారే వాననీటిని మొక్కల వేళ్ల గుండా వడకట్టి కాలువలోకి వదిలే ‘స్పంజ్ పార్క్’ ఒకటి తెరిచారు. విస్తీర్ణం 1,800 చదరపు అడుగులే. కాలువ మొత్తం మీద అది చేసే పని సముద్రంలో కాకిరెట్ట. కాని మురుగు ఎక్కడి నుంచి వస్తుందో బడిపిల్లలకు చూపించడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలియదు. మీరు నాటిన మొక్కలను కూడా ఈ దృష్టితో చూడమంటాను. అవి జనాన్ని గట్టు మీదికి రప్పిస్తాయి. అంతకు మించి వాటి నుంచి ఆశించకండి.

మురుగు విషయానికి వస్తే, అక్కడి పాత వ్యవస్థలో ఇళ్ల మురుగు, వాననీరు ఒకే గొట్టంలో పారతాయి. పెద్ద వాన పడితే శుద్ధి కేంద్రం పట్టలేనిదంతా కాలువలోకి పొంగుతుంది. తారు తీసి పైన కప్పు వేసినా, మురుగు ఇలాగే పడుతుంటే కొత్త అడుగు మళ్లీ పాడవుతుంది. అందుకని 80 లక్షల గ్యాలన్లు పట్టే ఒక భూగర్భ తొట్టి, 40 లక్షల గ్యాలన్లు పట్టే మరొకటి, అంటే సుమారు 3 కోట్ల లీటర్లు, 1.5 కోట్ల లీటర్లు నిలువచేసేవి, నగరం కట్టాలని నిర్ణయంలో చేర్చారు. ఈ తొట్లే అన్నిటికంటే ఆలస్యమయ్యాయి. స్థలాల సేకరణ, ఖర్చు, నమూనాల మీద తగవులు తెమలలేదు. చివరికి 2021లో వాటిని కట్టి తీరాలని ఈపీఏ నగరానికి ఆదేశమే జారీ చేయవలసి వచ్చింది. ఆ ఏళ్లన్నిటా ప్రతి సమావేశంలో తొట్ల మాట ఎత్తినవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. విసుగు పుట్టించేవాళ్లుగా వాళ్లకు పేరు. విసుగు పుట్టించడం ఒక పౌర నైపుణ్యమని నాకు అక్కడే తెలిసింది.

ఇప్పుడు కొంచెం చేదు విషయం. కాలువ బాగుపడితే దాని పక్కనున్న పేదవాళ్లు అక్కడ ఉండగలరా లేదా అన్నది కాలువ బాగుపడక ముందే తేల్చుకోవాలి. మాంట్రియల్‌లోని లాషీన్ కాలువ 1825లో తెరుచుకుని, 1970లో మూతపడి, 2002లో విహార పడవలకు తిరిగి తెరుచుకుంది. గట్టున ఉన్న మిల్లులు ఖరీదైన ఫ్లాట్లయ్యాయి, పాత కార్మికవాడల అద్దెలు పెరిగాయి. గొవానస్‌లో ఆ ప్రమాదం అందరికీ ముందే కనబడింది. 2021 నవంబరులో నగర మండలి 82 బ్లాకుల ప్రాంతంలో ఎత్తయిన నివాస భవనాలకు వీలుగా భూవినియోగ నిబంధనలను మార్చింది. సుమారు 8,500 ఇళ్లు వస్తాయని, వాటిలో మూడు వేల దాకా తక్కువ ఆదాయం వారికి అందుబాటులో ఉంటాయని లెక్క. స్థానిక సంఘాల కూటమి ఒకటి అంతకు ముందునుంచే పట్టుబట్టి, పక్కనున్న గొవానస్ హౌసెస్, వైకాఫ్ గార్డెన్స్ అనే ప్రభుత్వ గృహ సముదాయాల మరమ్మతులకు 20 కోట్ల డాలర్లు కేటాయిస్తేనే తాము సమ్మతిస్తామని చెప్పి, ఆ హామీ సాధించింది. హామీల అమలును చూడటానికి ఒక పర్యవేక్షక బృందాన్ని కూడా పెట్టించింది. అయినా అందరూ తృప్తి పడలేదు. చవక అద్దెల్లో పనిచేసుకునే కళాకారులు, చిన్న కార్ఖానాల వాళ్లు చాలామంది వెళ్లిపోయారు. నేను బూట్లు బాగుచేయించుకునే షెడ్డు ఉన్నచోట ఇప్పుడు గాజు భవనం ఉంది. కాలువ నీరు మునుపటికంటే మెరుగైనప్పటికీ దాన్ని చూడటానికి ఆ బూట్లు బాగుచేసే ఆయన అక్కడ లేడు.

నేను చూసినంతలో సలహా సమావేశాలకు ఒక లోపం ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. సాయంత్రం ఆరున్నరకు, ఇంగ్లీషులో, రెండున్నర గంటలు జరిగే సమావేశానికి ఎవరు రాగలరు? ఇల్లు సొంతమైనవాళ్లు, చదువుకున్నవాళ్లు, పిల్లలను చూసుకునే మనిషి ఇంట్లో ఉన్నవాళ్లు. ప్రభుత్వ గృహాల నుంచి వచ్చేవాళ్లు కొద్దిమందే ఉండేవారు. వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు కూడా వేరు. అక్కడి పిల్లలు వేసవిలో ఈతకు వెళ్లే కొలను ఉన్న పార్కు పాత గ్యాస్ కర్మాగారం నేల మీదే ఉంది. ఆ నేల శుభ్రం చేయాలంటే కొలను మూయాలి. ‘మూస్తే ఈ పిల్లలు ఎక్కడ ఈదాలి, మళ్లీ ఎప్పుడు తెరుస్తారు?’ అన్నదే వాళ్ల ప్రశ్న. పూడిక రసాయనాల గురించి ఇరవై ప్రశ్నలు వేసిన మాకు ఆ ప్రశ్న తట్టలేదు.

చారిత్రక కట్టడాల మీద ఎక్కువ రాయను, ఎందుకంటే అది నా రంగం కాదు. 1889 నాటి క్యారల్ వీధి వంతెన తెరవవలసి వస్తే పైకి లేవదు, పట్టాల మీద పక్కకు జారుతుంది. దాన్ని 1987లోనే రక్షిత కట్టడంగా ప్రకటించారు. స్థానికుల పట్టుదల వల్ల 2019లో మరో అయిదు పాత భవనాలకు ఆ హోదా వచ్చింది. వాళ్లు కోరిన జాబితా అంతకంటే పొడవైనది.

నా సొంత తప్పు ఒకటి చెప్పి మీ ఊరి సంగతికి వస్తాను. కొన్నేళ్ల కిందట మరో రాష్ట్రంలోని ఒక చిన్న మిల్లుల పట్టణంలో, ఇలాంటిదే ఒక కాలువ పనిలో నేను సలహాదారుగా ఉన్నాను. నమూనా అంతా గీసేశాక ఊరివాళ్లను పిలిచి అరవై స్లైడ్లు చూపించాను. చివర్లో ఒక ముసలాయన లేచి, ‘మీ బొమ్మలో మూడో నంబరు మిల్లు వెనుక గొట్టం లేదే?’ అన్నాడు. మా దగ్గర ఉన్న ఏ పటంలోనూ అది లేదు. ఆయన అక్కడ రంగుల విభాగంలో పనిచేశాడు. మరుసటి వారం తవ్వి చూస్తే, రెండు అడుగుల వ్యాసమున్న ఇటుక తూము దొరికింది, అందులోంచి ఇంకా ఏదో ఊరుతూనే ఉంది. నమూనా మళ్లీ మొదటి నుంచి గీశాము. ఆయనను ఆరు నెలల ముందు అడిగి ఉంటే ఆ ఖర్చు తప్పేది. అప్పటి నుంచి ఏ పనికైనా నేను గీత గీసే ముందు, అక్కడ పనిచేసి మానేసినవాళ్లు ఎవరున్నారని వాకబు చేస్తాను.

మీ కాలువలకు, గొవానస్‌కు తేడాలు ఉన్నాయి. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ సాగునీటి కాలువలు. ఒకప్పుడు పడవల మీద ధాన్యం రవాణా అయిన దారులే అయినా, నేటికీ పొలాలకు నీరు తీసుకుపోతున్నాయి, కాబట్టి దిగువన ఉన్న రైతు కూడా మీ సంఘానికి సహజమైన భాగస్వామి. మన దగ్గర సూపర్‌ఫండ్ వంటి చట్టం లేదు. అయితే 2010 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టంలో, కలుషితం చేసినవారే ఖర్చు భరించాలన్న సూత్రాన్ని పాటించాలని స్పష్టంగా రాసి ఉంది. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం ఉంది. పాత కాగితాలు బయటికి తీయడానికి 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. వీటిలో ఏదీ దానంతట అది కదలదు, ఆధారం కావాలి. ‘కాలువ కంపు కొడుతోంది’ అన్నది ఫిర్యాదు మాత్రమే. ‘ఫలానా వంతెనకు నలభై గజాల దిగువన, ఎడమ గట్టున, ఫలానా గొట్టం నుంచి, వాన లేని ఫలానా తేదీల్లో మురుగు పడుతోంది’ అంటే అది ఆధారం.

గట్టు మీద గుడిసెలు, రేకుల ఇళ్లు వేసుకున్నవాళ్లను మాత్రం మొదటి రోజు నుంచే మీ సంఘంలో కూర్చోబెట్టుకోండి. మన ఊళ్లలో ‘సుందరీకరణ’ అనగానే ముందు వాళ్ల గుండెల్లో రాయి పడుతుంది, ఆ భయానికి కారణాలూ ఉన్నాయి. ఏ గొట్టం ఏ రాత్రి తెరుస్తారో వాళ్లకే తెలుసు. రేపు వాళ్లను ఖాళీ చేయించడానికే ఈ సర్వే అని అనుమానం వస్తే, ఎవరూ మీకు ఏమీ చెప్పరు. అలా చెప్పకపోవడంలో తప్పు కూడా లేదు.

మొదటి పనిగా నేను చెప్పేది ఇది. వేసవిలో కాలువలు కట్టేసిన నెలల కోసం ఆగండి. పైనుంచి నీళ్లు వదలని ఆ రోజుల్లో కాలువలో ఇంకా పారుతున్నది ఏదైనా ఉంటే అది దాదాపుగా మురుగే, అది ఎక్కడ నుంచి దిగుతున్నదో కంటికి స్పష్టంగా కనబడుతుంది. నలుగురు, పొద్దున్నే, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, చేతులకు తొడుగులు. నీళ్లలో దిగవద్దు, గట్టు మీదే నడవండి. ప్రతి తూముకు, ప్రతి గొట్టానికి ఒక నంబరు ఇచ్చి ఫొటో తీయండి. ఏ గట్టున, ఏ వంతెనకు ఎంత దూరాన, ఎంత వెడల్పు, పారుతోందా లేదా, నీటి రంగు ఏమిటి, వాసన ఎలా ఉంది అని రాసుకోండి. అదే నడక వారం తేడాతో మరో రెండుసార్లు, ఒకటి సాయంత్రం, ఒకటి వాన పడిన మరునాడు నడవండి. మూడు నడకల్లోనూ పారిన గొట్టాలు వేరు, వానకు మాత్రమే పారినవి వేరు. వీటిని కలిపి రాస్తే మీ పట్టికను మొదటి సమావేశంలోనే కొట్టిపారేస్తారు. పట్టిక పూర్తయ్యాక ఇక్కడే పెట్టండి. ఏ గొట్టం దగ్గర ఏ పరీక్ష చేయించాలో, ఏది అనవసరపు ఖర్చో చూసి చెబుతాను.